ఊదారంగు జవాబులు

హెరాన్ శిఖరం కావలి గోపురం,
1997 జూన్ 22, ఆదివారం

వెర్నా అత్తా,

ఈ అడవి మంటల కాపలా పనిలో చేరి వారమైంది. సామానూ ఉత్తరాలూ మోసే లెస్టర్ దారి పొడుగునా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తన కంచరగాడిదలతో మాత్రం ఆపకుండా మాట్లాడాడు. గది చిన్నది. నాలుగు వైపులా అద్దాలు, మధ్యలో పొగ ఏ దిక్కున లేచిందో చూసే గుండ్రటి బల్ల, ఒక మంచం, కట్టెల పొయ్యి. పొద్దున్న లేచేసరికి కింద లోయంతా మబ్బుతో నిండిపోయి ఉంటుంది. నా గదీ, దూరంగా మూడు కొండల కొనలూ, అంతే లోకం. తొమ్మిదింటికి మబ్బు కరిగి చెట్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. అప్పటిదాకా నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకే తెలియదు. రేడియోలో కింది ఆఫీసువాళ్ళు "హెరాన్, పొగేమైనా ఉందా?" అని అడిగితేగానీ నేనున్నానని నమ్మకం కలగదు.

అసలు సంగతికొస్తాను. నీ వంటింట్లో ప్రశ్నల పుస్తకం లోంచి కత్తెరతో కోసిన పేజీలు పెట్టి నీకిచ్చిన కవరు జాగ్రత్త. లా స్కూలు ప్రవేశానికి పెట్టిన ఎనిమిది పాత పరీక్షల జవాబులూ అందులోనే ఉన్నాయి. నా దగ్గరుంటే చూసేస్తాను, నా సంగతి నాకు తెలుసు. నా పద్ధతి ఇదీ. గడియారం పెట్టుకుని ఒక్కో భాగం ముప్పై అయిదు నిమిషాల్లో రాస్తాను. మర్నాడు గడియారం లేకుండా, అనుమానం ఉన్నవన్నీ మళ్ళీ చేస్తాను. ఆ చివరి జవాబులు ఒక కాగితం మీద రాసి, ప్రశ్నల పుస్తకంతో సహా లెస్టర్ చేత నీకు పంపుతాను. మొదటి పరీక్ష దీంతోనే వస్తోంది. పుస్తకం కొన్నాళ్ళు కళ్ళకి దూరంగా ఉంటేనే మళ్ళీ కొత్తగా చూడగలను. నువ్వు దిద్ది, పుస్తకం తిరిగి పంపుతూ, ఏ భాగంలో ఎన్ని తప్పులో అంకె మాత్రం రాయి. ఏవి తప్పో చెప్పకు, ఒట్టు. ఎన్ని తప్పో తెలిసి ఏవి తప్పో తెలియకపోతే, మొత్తం మళ్ళీ ఆలోచించక తప్పదు. అలా ఆలోచించడమే చదవడం అని నా నమ్మకం.

పోయినేడాది పరీక్షలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే ఆ చిక్కుముడుల ఆటల భాగం మధ్యలో హాల్లోంచి లేచి వచ్చేశానని నీకొక్కదానికే తెలుసు. అక్టోబరు నాలుగున మళ్ళీ రాస్తాను. ఈసారీ లేచి వచ్చేస్తే లా స్కూలు మాట జన్మలో ఎత్తను.

మబ్బుల మీద కాపురం పెట్టిన నీ మేనకోడలు,
కైసా

---

ఆల్డర్ ఫోర్క్,
జూలై 1

కైసా పిల్లా,

ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు తోలి, ఇప్పుడు కాబోయే లాయరమ్మ పేపర్లు దిద్దుతున్నాను. పక్కింటి మార్జ్‌కి చెబితే నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకుంది.

కవరు గురించి బెంగ పెట్టుకోకు. ఇల్లు తగలబడినా చెక్కుచెదరని చోట పెట్టాను. మా అమ్మ ఇంటి కాగితాలూ, పెళ్ళి కాగితాలూ దాచిన చోటే, గరాజ్‌లో పెద్ద ఫ్రీజర్లో. పోయినేడాది నువ్వూ నేనూ కోసుకొచ్చిన హకిల్‌బెర్రీ పళ్ళ సంచుల పక్కన.

మొదటి పరీక్ష: ఆటలు తొమ్మిది తప్పు. వాదనలు రెండు భాగాలూ కలిపి ఎనిమిది. చదివే భాగం మూడు.

నువ్వు వద్దన్నా ఆ ఆటలు చూశాను. ఏడుగురు మనుషులు, ఏడు కుర్చీలు. ఫలానావాడు ఫలానావాడి పక్కన కూర్చోడు, ఇంకొకడు మూడో కుర్చీ దాటి పోడు. ఒసే, దీనికా నువ్వు హాల్లోంచి పారిపోయి వచ్చింది? ఇది నా బస్సే కదే! నీ గీతలు చూస్తే తెలుస్తోంది, పేర్ల వరస పట్టుకుని మొదటివాడి నుంచి మొదలుపెడుతున్నావు. అలా కాదు. ఎవడికి ఎక్కువ పేచీలున్నాయో వాణ్ణి ముందు కూర్చోబెట్టాలి. పోర్టర్‌వాళ్ళ డీన్ గుర్తున్నాడా? వాడికి కిటికీ కావాలి, వెనక సీట్లో వాంతి చేసుకుంటాడు, చెల్లెలి పక్కన కూర్చోబెడితే రక్తాలు కారతాయి. డీన్‌ని కూర్చోబెట్టేస్తే మిగతా బస్సు దానంతట అదే సర్దుకునేది. ఏ పేచీ లేని పిల్లల్ని చివరికి వదిలెయ్. వాళ్ళెక్కడైనా కూర్చుంటారు.

ఏలకుల రొట్టె రెండు పంపుతున్నాను. ఒకటి లెస్టర్‌కి. వాడు మాట్లాడడు గానీ తింటాడు.

మీ అత్త
వెర్నా

---

హెరాన్ శిఖరం,
జూలై 6

అత్తా,

డీన్‌ని ముందు కూర్చోబెట్టాను. పనిచేసింది! రెండో పరీక్ష పంపుతున్నాను.

మొన్న మధ్యాహ్నం పిడుగుల వాన వచ్చింది. ఇక్కడ అలాంటప్పుడు కాళ్ళకి గాజు దిమ్మెలు బిగించిన ఒక పీట ఉంటుంది, దాని మీదెక్కి కూర్చోవాలి. నేల మీద కాలు పెట్టకూడదు, ఇనుము ముట్టుకోకూడదు. గంటన్నర ఆ పీట మీద వాదనల భాగం చేశాను. చుట్టూ మెరుపులు. పొయ్యి గొట్టం చుట్టూ నీలం రంగు వెలుగు పాకింది. నా జుట్టు లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న ప్రశ్న మాత్రం ఒక తోట గురించి. ఒక ఊరి తోట సంఘం, సభ్యుల మొక్కలకే నీళ్ళిస్తామని నియమం. సభ్యుడు కాని ఒక ముసలాయన మొక్కలకి సంఘం నీళ్ళిచ్చింది. ఈ మాటల నుంచి తప్పక తేలేది ఏది? ఆ వెలుగులో ఆ ముసలాయన కళ్ళకి కట్టినట్టు కనబడ్డాడు, చేతిలో తడిసిన టోపీతో సహా. భయం పోయింది.

ఇంత సుఖంగా నేనెప్పుడూ చదవలేదు అత్తా. ప్రశ్నలు మబ్బులోంచి వచ్చి, జవాబు చెప్పగానే మబ్బులోకి వెళ్ళిపోతున్నట్టుంది.

కైసా

---

ఆల్డర్ ఫోర్క్,
జూలై 16

కైసా,

ఆటలు ఆరు. వాదనలు పద్నాలుగు. చదివే భాగం నాలుగు.

ఆటలు బాగుపడుతున్నాయి. వాదనల్లో మాత్రం నువ్వు మనసు పెట్టడం లేదు. ఆ తోట ముసలాయన ప్రశ్న మళ్ళీ చదువు. అంతకంటే చెప్పను, ఒట్టు వేయించుకున్నావుగా. కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అక్కడ ఒంటరిగా ఉండి ఉండి నీ మనసు గట్టిపడుతోందా? మనిషి సంగతి వచ్చినచోటల్లా నువ్వు పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్ళిపోతున్నావు.

ఇక్కడ నువ్వు చెప్పిన ఆ వానకే స్తంభాలు పడిపోయి మూడు రోజులు కరెంటు లేదు. హకిల్‌బెర్రీలన్నీ కరిగిపోయాయి. కూర్చుని జామ్ చేశాను, పదకొండు సీసాలు. ఒకటి పంపుతున్నాను.

వెర్నా

---

హెరాన్ శిఖరం,
ఆగస్టు 3

అత్తా,

ఏది తప్పో చెప్పవద్దన్నాను, చెప్పేశావు. తోట ప్రశ్నకి జవాబు మార్చాను. ఎందుకు మార్చానో నాకు తెలియదు. నువ్వన్నావు కాబట్టి మార్చాను.

పద్నాలుగు! వాదనలే నాకు కాస్త చేతనైనవి అనుకున్నాను. ఎనిమిది నుంచి పద్నాలుగుకి ఎలా పడిపోయానో అర్థం కాలేదు. తప్పుల పుస్తకం ఒకటి పెట్టాను. ఎడమవైపు నేనేది ఎంచుకున్నానో, ఎందుకో. కుడివైపు అది ఎందుకు తప్పో. కుడివైపు ఖాళీగా ఉంటోంది. ఎంతసేపు చూసినా నా జవాబే సరైనదిగా కనబడుతోంది.

మనసు గట్టిపడిందా అని అడిగావు. ఆ మాట ఎందుకన్నావో నాకు తెలుసు. పోయినేడాది ఫిబ్రవరిలో నిన్ను బస్సు సంగతి మీద స్కూలు బోర్డు ముందు నిలబెట్టిన రోజు నేను రాలేదు. మిజూలాలో హోటల్లో ప్లేట్లు అందిస్తూ ఉండిపోయాను. రావద్దని నువ్వే అన్నావు. అయినా రావలసింది. ఏడాదిన్నర తర్వాత ఇలా అడుగుతావని అనుకోలేదు.

మూడు, నాలుగు పరీక్షలు రెండూ పంపుతున్నాను. అంకెలు చాలు.

కైసా

---

ఆల్డర్ ఫోర్క్,
ఆగస్టు 12

కైసా,

మూడోది: ఆటలు నాలుగు, వాదనలు పదిహేను, చదివే భాగం మూడు. నాలుగోది: ఆటలు ఒకటి, వాదనలు పదిహేడు, చదివే భాగం నాలుగు.

బోర్డు సంగతి నేనెత్తలేదు. నువ్వెందుకెత్తావో నాకు తెలియదు. అంకెలు చాలన్నావు గనక ఇంతే.

వెర్నా

---

హెరాన్ శిఖరం,
ఆగస్టు 17

అత్తా,

దీంతో పాటు ఇంకో కవరుంది, స్టాంపు అంటించే ఉంది. పరీక్షకి రావడం లేదని రాశాను. పోస్టులో వేసెయ్.

నీ మీద కోపంతో కాదు. ఆటలు నేర్చుకున్నాను, ఒక్కటే తప్పు, అది నీ చలవ. కానీ ఎంత చదివితే వాదనలు అంత చెడుతున్నాయి. పద్నాలుగు, పదిహేను, పదిహేడు. ఏది నిజమో ఏది కాదో నాకు తెలియడం లేదంటే ఒకరి తరఫున ఏం మాట్లాడతాను?

ఈ వారం పశ్చిమాన ఎక్కడో అడవి తగలబడుతోంది. ఇక్కడికి మంట రాదు, పొగ మాత్రం వచ్చింది. సూర్యుడు రోజంతా నారింజ రంగులో ఉంటాడు. మూడు కొండల కొనలూ మాయమైపోయాయి. రేడియోలో "హెరాన్, ఏం కనబడుతోంది?" అని అడుగుతారు. ఏమీ కనబడటం లేదని చెబుతాను. ఇంత కాలం చేసిన పనుల్లో ఆ జవాబొక్కటే తప్పు లేకుండా చెప్పాననిపిస్తుంది.

కైసా

---

ఆల్డర్ ఫోర్క్,
ఆగస్టు 26

కైసా తల్లీ,

కవరు పోస్టులో వెయ్యలేదు. ఇది చదివాక కూడా వెయ్యమంటే వేస్తాను.

నీ జవాబుల కవరు లేదు. జూలైలో కరెంటు పోయినప్పుడే పోయింది. పళ్ళ సంచులు కరిగి రసమంతా కారి, కాగితాలు తడిసి ముద్దయ్యాయి. విప్పి తీగ మీద ఆరేశాను. ఆరాక చూస్తే ఎనిమిది కాగితాలూ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఊదా రంగు. ఒక్క అక్షరం కనబడలేదు. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుని ఏడ్చాను.

నీకు రాసి ఉండాల్సింది. రాయలేదు. నీ రెండో పరీక్ష అప్పటికే బల్ల మీదుంది. "ఇంత సుఖంగా ఎప్పుడూ చదవలేదు" అని నువ్వు రాసిన ఉత్తరం పక్కనే ఉంది. కవరు పోయిందంటే చదువు మానేస్తావేమోనని భయం వేసింది. సరే, నేనే చేస్తే పోలా అనుకున్నాను. నీ జవాబుల కాగితం పిండి డబ్బా కింద పెట్టి, కాఫీ పెట్టుకుని, అన్ని ప్రశ్నలూ ఒకటొకటిగా చేశాను. ఒక్కో పరీక్షకి నాలుగు రోజులు పట్టింది. తర్వాత నీ కాగితం తీసి పక్కన పెట్టి దిద్దాను. నాకూ నీకూ కలవని చోటల్లా నీకు తప్పు వేశాను. నేనెవరినే నీకు తప్పు వెయ్యడానికి!

నీ ఉత్తరం అందిన మర్నాడే బండి తీసి మిజూలా వెళ్ళాను. పుస్తకాల షాపులో అదే పుస్తకం ఇంకొకటి దొరికింది. బండిలో కూర్చుని అక్కడే సరిచూశాను. ఇవిగో నీ అసలు అంకెలు. వాదనలు: రెండో పరీక్షలో ఆరు. మూడో దాంట్లో అయిదు. నాలుగో దాంట్లో నాలుగు. తోట ముసలాయన దగ్గర నువ్వు మొదట రాసిందే సరైనది. తప్పులన్నీ నావి.

మనసు గట్టిపడిందని అన్నది ఆ ప్రశ్న గురించేనే. బోర్డు గురించి నా తలలో కూడా లేదు. నువ్వు ఆ రోజు వచ్చి ఉంటే నేను నిలబడలేకపోయేదాన్ని. అందుకే రావద్దన్నాను.

తిట్టు. ఎంత తిట్టాలో అంతా తిట్టు. కానీ అక్టోబరు నాలుగు మాత్రం వదలకు.

మీ అత్త

---

హెరాన్ శిఖరం,
ఆగస్టు 31

అత్తా,

ముందు తిట్టాను. గట్టిగా. వినడానికి ఒక ఉడుతా, లెస్టరూ తప్ప ఎవరూ లేరు. లెస్టర్ అంతా విని, "ఆవిడ రొట్టె బాగుంటుంది" అన్నాడు. రెండున్నర నెలల్లో నాతో అన్న మొదటి మాట అది. తర్వాత గోపురం కిందే గుడారం వేసుకుని పడుకున్నాడు, నేను ఉత్తరం రాసేదాకా కిందికి దిగనని.

నువ్వు పంపిన కొత్త పుస్తకం, నీ జవాబుల కాగితాలు ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. నా తప్పుల పుస్తకం పక్కన పడేసి నీకొకటి మొదలుపెట్టాను. మూడు పరీక్షల్లో ఆటలు నీకు ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఒక్కటి కూడా! నాకు తెలిసినవాళ్ళలో అలా చేసినవాళ్ళెవరూ లేరు. వాదనల్లో ముప్పై మూడు తప్పులు. ఎడమవైపు నువ్వు ఎంచుకున్నది రాశాను, కుడివైపు ఎందుకు తప్పో రాశాను. ఇరవై తొమ్మిదింటికి కుడివైపు ఒకే వాక్యం రాయవలసి వచ్చింది.

ప్రశ్న "ఈ మాటల నుంచి తప్పక తేలేది ఏది" అని అడుగుతుంది. నువ్వు ప్రతిసారీ "ఏది జరిగి ఉండాల్సింది" అన్నదాన్ని ఎంచుకున్నావు. తోట సంగతిలో తేలేది ఒక్కటే, నియమం తప్పారని. నువ్వు మాత్రం నియమాన్ని మార్చాలన్న జవాబుకి గుర్తు పెట్టావు, పెన్సిలు కాగితంలోకి దిగేలా. ముసలాయన మొక్కలు ఎండిపోకూడదు, నీకు అంతే.

అది రాస్తుంటే నీ బోర్డు మీటింగు గుర్తొచ్చింది. మార్జ్ నాకు చెప్పింది, నువ్వు చెప్పలేదు. మంచు తుఫానులో హాల్వర్సన్ పిల్లలిద్దర్నీ రోడ్డు మీద దింపకుండా, దారి మళ్ళించి మైలున్నర లోపలికి పోయి గుమ్మంలో దింపావు. బస్సు దారి మళ్ళకూడదని నియమం. "మళ్ళించారా, లేదా?" అని వాళ్ళు మూడుసార్లు అడిగారట. నువ్వు మూడుసార్లూ "ఆ చలికి పిల్లలు చచ్చిపోయేవాళ్ళు" అన్నావట. వాళ్ళడిగింది ఏం జరిగిందని. నువ్వు చెప్పింది ఏం జరగాలని. రెండూ నిజమే. రెండూ కలిపి చెప్పగల మనిషి ఒకరు ఆ రోజు నీ పక్కన కూర్చుని ఉండాల్సింది. "మళ్ళించింది. ఎందుకు మళ్ళించిందో ఇప్పుడు వినండి" అని. ఆ ఒక్క వాక్యం లేక నీ బస్సు పోయింది.

నేను లా స్కూలుకి ఎందుకు పోవాలనుకుంటున్నానో ఇంతకాలం దరఖాస్తుల్లో రకరకాలుగా రాశాను. ఏదీ నిజం కాదు. ఇదీ నిజం.

రద్దు ఉత్తరం పొయ్యిలో వేసెయ్. పొగ పోయింది. పొద్దున్న మూడు కొండల కొనలూ తిరిగొచ్చాయి.

కైసా

---

మిజూలా,
అక్టోబరు 5

అత్తా,

చివరిదాకా కూర్చున్నాను.

మూడో భాగం ఆటలు. పేజీ తిప్పాను. కిందటేడాది ఏ తలుపులోంచి వెళ్ళానో ఆ తలుపు ఎదురుగానే ఉంది. కాసేపు ఆ హాలు నిండా లోయలోని మబ్బు నిండినట్టయింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ తలలు మాత్రం పైకి కనబడుతున్నాయి. అప్పుడు నా లోపల ఎవరో "హెరాన్, పొగేమైనా ఉందా?" అని అడిగారు. లేదని చెప్పాను. డీన్ ఎవడా అని వెతికాను. ఉన్నాడు. ఒక గాయకుడు, వాడికి నాలుగు పేచీలు. వాణ్ణి కూర్చోబెట్టాను. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చున్నారు.

మార్కులు వచ్చే నెల వస్తాయి. ఎంత వస్తుందో నాకు తెలియదు. నాకిప్పుడు బాగుంది.

దీంతో పాటు ఆరో పరీక్ష పంపుతున్నాను. దాన్ని మనిద్దరం ఇంకా ముట్టుకోలేదు. జవాబుల పేజీ కోసి నా దగ్గర పెట్టుకున్నాను, ఫ్రీజర్లో మాత్రం కాదు. రొట్టెలు కాల్చేటప్పుడు పెట్టుకునే గంట పెట్టుకుని, భాగానికి ముప్పై అయిదు నిమిషాల్లో రాయి. కాఫీ ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్యలో మాత్రమే. డిసెంబరులో ఇంకోసారి పరీక్ష ఉంది. యాభై ఎనిమిదేళ్ళవాళ్ళు రాయకూడదని ఎక్కడా నియమం లేదు, నేను చూశాను.

నీ కైసా

---

ఆల్డర్ ఫోర్క్,
అక్టోబరు 15

లాయరమ్మా,

పిచ్చి పట్టిందా నీకు? డిసెంబరులో రోడ్లెలా ఉంటాయో తెలుసా? మిజూలా దాకా ఆ మంచులో ఎవరు తోలతారు, నేను తప్ప?

రాశాను. జవాబుల కాగితం లోపల పెట్టాను. గంట మోగగానే పెన్సిలు కింద పెట్టాను, మార్జ్ సాక్షి. చదివే భాగం చివర్లో టైము చాలక నాలుగు ప్రశ్నలకి కళ్ళు మూసుకుని ఒకే అక్షరం పెట్టాను. తప్పు రాసినా మార్కులు కొయ్యరని నువ్వే ఎప్పుడో చెప్పావు. ఇరవై ఏడేళ్ళు ఉద్యోగం చేశాను, అలాంటి నియమం నాకు ఎప్పుడూ తగల్లేదు.

ఈసారి ప్రశ్న జాగ్రత్తగా చదివాను. ఏం అడిగారో దానికే జవాబు చెప్పాను. కష్టంగానే ఉంది, అలవాటైపోతుందేమో. రెండో వాదనల భాగంలో పదిహేడో ప్రశ్న ఒకటుంది, చూడు. పడవ నడిపేవాడు రేవులో తప్ప మనుషుల్ని ఎక్కించుకోకూడదని నియమం. తుఫానులో నీళ్ళలో పడి కొట్టుకుంటున్న ఇద్దర్ని ఎక్కించుకున్నాడు. దీన్నుంచి తప్పక తేలేది ఏది? నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది.

సరైన జవాబు ఏదో నాకు తెలుసు కైసా. మొదటిది. పడవవాడు నియమం తప్పాడు. ముందు దానికే గుర్తు పెట్టాను. గంట మోగడానికి ఇంకా రెండు నిమిషాలుంది. ప్రశ్న ఇంకోసారి చదివాను. తర్వాత రబ్బరు తీసి చెరిపేసి, నాలుగోదానికి గుర్తు పెట్టాను, ఆ ఇద్దర్నీ వదిలేసి ఉండకూడదన్నది.

అదొక్కటీ తెలిసే తప్పు రాశాను. నువ్వు తప్పే వేసుకో. నేను మార్చను.

మీ అత్త
వెర్నా